ఉప్పు ప్యాకెట్ మీద తేదీ: ఇంట్లో సోడియం లెక్క తీసి తగ్గించుకునే విధానం

ఈ పనికి మొదట కావలసినవి ఒక పెన్ను, ఒక కొత్త కిలో ఉప్పు ప్యాకెట్. ప్యాకెట్ కత్తిరించిన రోజున దాని మీద తేదీ రాయండి. ఉప్పు పూర్తిగా అయిపోయిన రోజున పక్కనే రెండో తేదీ రాయండి. మధ్యలో గడిచిన రోజులను ఇంట్లో రోజూ భోజనం చేసేవారి సంఖ్యతో గుణించి, వెయ్యి గ్రాములను ఆ మొత్తంతో భాగిస్తే తలకు రోజుకు ఎన్ని గ్రాములు పడుతోందో తెలుస్తుంది. కావలిలోని మా ఇంట్లో నలుగురం ఉంటాం. బంధువులందరి దగ్గరా "మేం చప్పగానే తింటాం" అని చెప్పుకొనే ఇల్లు మాది. తేదీ రాసిన మొదటి ప్యాకెట్ 27 రోజులకే అయిపోయింది. అంటే తలకు రోజుకు 9 గ్రాముల పైమాటే. జాడీలోని ఆవకాయ, బుట్టలోని ఎండు చేపలు, హోటల్లో తిన్న దోసెలు ఈ లెక్కలోకి రానే లేదు.

పెద్దవారు రోజుకు 5 గ్రాముల కంటే తక్కువ ఉప్పు, అంటే 2 గ్రాముల కంటే తక్కువ సోడియం తీసుకోవాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచిస్తోంది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో వెలువరించిన ఆహార మార్గదర్శకాలు కూడా ఈ 5 గ్రాముల హద్దునే చెబుతున్నాయి. మెత్తటి ఉప్పును చిన్న చెంచాతో తీసి తలగొడితే, అంటే పైన కుప్ప లేకుండా అంచుకు సమం చేస్తే, సుమారు 6 గ్రాములు తూగుతుంది. కాబట్టి రోజంతటికీ, అన్ని పూటలకూ, పచ్చళ్లతో సహా, ఒక మనిషికి ఆ చెంచాడు కూడా పూర్తిగా రాదు. ప్రపంచంలో సగటు మనిషి తినేది దీనికి రెట్టింపు కంటే కాస్త ఎక్కువే కనుక, మొదటి లెక్క చూసి బెంబేలు పడనవసరం లేదు.

ప్యాకెట్ లెక్కలో కొన్ని లొసుగులు ఉంటాయి. చేపలు రుద్ది కడగడానికి, గొంతు పుక్కిలించడానికి, కాకరకాయ చేదు పిండడానికి వాడిన ఉప్పు కడుపులోకి పోదు. అందుకని కడగడానికి వాడే ఉప్పును వేరే డబ్బాలో పెట్టుకోవడం మంచిది. అంతకంటే నిక్కచ్చిగా తెలియాలంటే 24 గంటల మూత్రం మొత్తం సేకరించి ల్యాబ్‌లో సోడియం కొలిపించాలి. మనం తిన్న సోడియంలో సుమారు తొంభై శాతం మూత్రంలోనే బయటికి పోతుంది. ఎండలో చెమట కక్కే పనివారికి మాత్రం ఈ పరీక్ష అసలు కంటే తక్కువ చూపుతుంది. మామూలు ఇళ్లకు ప్యాకెట్ మీది తేదీ చాలు.

రెండో అడుగు: ఉప్పుకూ సోడియానికీ మారకం తెలుసుకోవడం

ఉప్పు అంటే సోడియం క్లోరైడ్. దాని బరువులో దాదాపు 39 శాతం సోడియం. అందువల్ల సోడియం అంకెను రెండున్నరతో గుణిస్తే ఉప్పు వస్తుంది. ఉప్పును రెండున్నరతో భాగిస్తే సోడియం వస్తుంది. ఈ ఒక్క లెక్క నోటికి వస్తే ఇక ముందు చెప్పబోయేదంతా తేలికవుతుంది.

చినగంజాం, కనుపర్తి ఉప్పు కొఠార్ల నుంచి వచ్చే రాళ్ల ఉప్పయినా, దుకాణంలోని మెత్తటి ఉప్పయినా, ఖరీదు పెట్టి కొనే గులాబీ రంగు సైంధవ లవణమైనా, తూకానికి తూకం పెడితే సోడియం దాదాపు సమానమే. రాళ్ల ఉప్పు చెంచాలో వదులుగా కూర్చుంటుంది కనుక చెంచా లెక్కన తక్కువ తూగుతుంది, అంతే తేడా. సైంధవ లవణంలో ఖనిజాలు ఉన్నాయన్న మాట నిజమే గాని, వాటి కోసం తినాలంటే ప్రాణం మీదికి వచ్చేంత ఉప్పు తినాలి. పైగా అయోడిన్ సంగతి ఉంది. మన దేశంలో వంటకు అమ్మే అయోడిన్ ఉప్పులో వినియోగదారుడి చేతికి వచ్చే సరికి కిలోకు కనీసం 15 మిల్లీగ్రాముల అయోడిన్ ఉండాలన్నది నిబంధన. వీధిలో అమ్మే రాళ్ల ఉప్పులో ఇది సాధారణంగా కలపరు. ఊరగాయకు రాళ్ల ఉప్పు వాడుకోండి, రోజువారీ వంటకు అయోడిన్ ఉప్పే ఉంచండి. గర్భిణులూ చిన్న పిల్లలూ ఉన్న ఇంట్లో ఈ మాటను తేలిగ్గా తీసుకోకూడదు.

శరీరంలో జరిగేది ఇది. రక్తంలో సోడియం లీటరుకు 135 నుంచి 145 మిల్లీమోల్‌ల మధ్య ఉండేట్లు మూత్రపిండాలు, మెదడు కలిసి కాపు కాస్తాయి. ఉప్పు ఎక్కువైతే దాహం వేసి నీళ్లు తాగుతాం, మూత్రపిండాలు కూడా నీటిని పట్టి ఉంచుతాయి. నాళాల్లో ద్రవం పెరిగి గోడల మీద ఒత్తిడి పెరుగుతుంది. ఏళ్ల తరబడి ఇదే జరిగితే నాళాల గోడలు బిరుసెక్కుతాయి, గుండె కండరం మందమవుతుంది, మూత్రపిండాల వడపోత దెబ్బతింటుంది, పక్షవాతం ముప్పు పెరుగుతుంది. అందరిలోనూ ఒకేలా జరగదు. వయసు పైబడిన వారిలో, మధుమేహం ఉన్నవారిలో, ఇప్పటికే రక్తపోటు ఉన్నవారిలో ఉప్పు ప్రభావం ఎక్కువ. రోజుకు నాలుగు గ్రాముల పైచిలుకు ఉప్పును కనీసం నాలుగు వారాల పాటు తగ్గించిన అనేక పరిశోధనలను కలిపి చూసినప్పుడు, రక్తపోటు ఉన్నవారిలో పై అంకె సగటున 5 పాయింట్లకు పైగా, లేనివారిలో 2 పాయింట్లకు పైగా తగ్గింది.

మన ప్రాంతంలో పెద్దగా చెప్పుకోని మరో సంగతి కిడ్నీ రాళ్లు. సోడియం ఎక్కువగా బయటికి పోయేటప్పుడు వెంట కాల్షియాన్ని కూడా మూత్రంలోకి లాక్కుపోతుంది. మే నెలలో ఒంగోలు ఎండల్లో మూత్రం ఎలాగూ చిక్కబడుతుంది. ఒకసారి రాయి పడి నొప్పితో మెలికలు తిరిగినవారు పాలకూర, టమాటా మానేస్తారు గాని ఉప్పు జోలికి పోరు. నా దృష్టిలో ముందు చూడవలసింది ఉప్పు డబ్బానే.

మూడో అడుగు: ఉప్పు కాని సోడియాన్ని అంచనా వేయడం

సోడియం అన్న మాట కనబడగానే ప్రతి పొడినీ ఉప్పుతో సమానం చేసి భయపడటం కనిపిస్తుంది. ఆ భయం ఎంతవరకు న్యాయమో అంకెలతో చూడాలి.

తినే సోడా, అంటే సోడియం బైకార్బనేట్, బరువులో 27 శాతం సోడియం. ఒక చిన్న చెంచాడులో దాదాపు 1,250 మిల్లీగ్రాముల సోడియం ఉంటుంది. వినడానికి ఎక్కువే. కానీ ముప్పై ఇడ్లీల పిండిలో ఆ చెంచాడు వేశారనుకుంటే ఇడ్లీకి పడేది 40 మిల్లీగ్రాములు. నెల్లూరులో పొద్దున్నే తినే పులిబొంగరాల పిండిలో చిటికెడు సోడా వేస్తే అదీ అంతే. ఆ పలహారంలో అసలు సోడియం పిండిలో వేసిన ఉప్పులో, పక్కనున్న చట్నీలో ఉంటుంది. సోడా లెక్కలోకి తీసుకోవలసిన చోటు వేరొకటి ఉంది. కడుపు ఉబ్బరానికి, పుల్లటి త్రేన్పులకు నీళ్లలో కలిపి తాగే పొడులు, నీళ్లలో వేయగానే బుసబుస పొంగే మాత్రలు సోడాతోనే పనిచేస్తాయి. ప్యాకెట్ మీద రాసిన సోడియం బైకార్బనేట్ బరువులో నాలుగో వంతుకు పైగా సోడియం అని గుర్తుంచుకోండి. రాత్రి భోజనం తరువాత రోజూ ఒక పొట్లం కలుపుకొని తాగే అలవాటున్న పెద్దవారు, వంటలో తగ్గించుకున్న ఉప్పును ఆ గ్లాసులో తిరిగి తెచ్చుకుంటున్నారు.

అప్పడాల పిండిలో కలిపే ఖారం సోడియం కార్బనేట్, బైకార్బనేట్ రకానికి చెందినది. దానికి ఉప్పు తోడై, చేతి వెడల్పు అప్పడం ఒక్కదానిలో దాదాపు 150 నుంచి 200 మిల్లీగ్రాముల సోడియం ఉంటుంది. ఒక అప్పడంతో ఆగితే నష్టం లేదు, ఆగేవారు అరుదు.

చైనా ఉప్పు, అజినోమోటో అని పిలిచే మోనోసోడియం గ్లుటమేట్‌లో సోడియం 12 శాతమే, అంటే ఉప్పులో ఉన్నదానిలో మూడో వంతు కంటే తక్కువ. దాని మీద ఉన్న చెడ్డపేరు దాని సోడియానికి సంబంధించింది కాదు. ఉప్పు కొంత తగ్గించి దానికి బదులు ఇది కొద్దిగా వేస్తే మొత్తం సోడియం తగ్గుతుందన్నది కూడా నిజం. ఏడాది లోపు శిశువుల ఆహారంలో మాత్రం దీనికి చోటు లేదు. ఆ వయసు పిల్లల అన్నంలో ఉప్పు కూడా కలపనక్కర లేదు.

కొనుక్కొచ్చిన పచ్చళ్లలో, సాస్‌లలో ఉండే సోడియం బెంజోయేట్ గురించి ఎవరైనా హెచ్చరిస్తే ఈ లెక్క చెప్పండి. కిలో పచ్చడిలో పావు గ్రాము బెంజోయేట్ వేశారనుకున్నా అందులోని సోడియం 40 మిల్లీగ్రాములే, అదే కిలో పచ్చడిలో ఉప్పు వంద గ్రాములు ఉంటుంది. ఏనుగును వదిలి దోమను తరుముతున్నట్లు ఉంటుంది ఆ జాగ్రత్త. రొయ్యల సంగతి మాత్రం మన జిల్లావాళ్లు తెలుసుకోవాలి. చెరువు గట్టున కొన్న తాజా రొయ్యల్లో సోడియం తక్కువే. శుద్ధి చేసి, గడ్డకట్టించి ప్యాకెట్లలో అమ్మేవాటిలో కొన్నిటిని నీరు పట్టి ఉండేందుకు సోడియం ట్రైపాలీఫాస్ఫేట్ ద్రావణంలో నానబెడతారు. వాటిలో సోడియం, ఫాస్ఫరస్ రెండూ పెరుగుతాయి. మూత్రపిండాల జబ్బు ఉన్నవారు చెరువు రొయ్యలే కొనుక్కోవాలి. రొయ్య తల నల్లబడకుండా చల్లే సోడియం మెటాబైసల్ఫైట్‌లో ఇబ్బంది సల్ఫైట్‌తో, అదీ ఉబ్బసం ఉన్నవారికి.

ఇంకొకటి నీళ్లు. సముద్రానికి దగ్గరి ఊళ్లలో బోరు నీళ్లు ఉప్పగా ఉండటం కొత్త కాదు. నాలుకకు ఉప్పన తెలియడం మొదలయ్యేది లీటరుకు సుమారు 200 మిల్లీగ్రాముల సోడియం దగ్గర. అలాంటి నీళ్లు రోజుకు మూడు లీటర్లు తాగితే 600 మిల్లీగ్రాములు, అంటే ఒకటిన్నర గ్రాముల ఉప్పు. వంటకూ తాగడానికీ అవే నీళ్లు వాడే ఇంట్లో ప్యాకెట్ లెక్కకు దీనిని కూడా కలపాలి.

నాలుగో అడుగు: జాడీ, ఎండు చేప

మన ఇళ్లలో అసలు తేడా తెచ్చేది ఈ అడుగే, కనుక ఇక్కడ కొంతసేపు ఆగుతాను.

మా ఇంట్లో కిలో మామిడి ముక్కలకు 225 గ్రాముల ఉప్పు, అంతే కారం, 200 గ్రాముల ఆవపిండి, 350 గ్రాముల నూనె పోస్తాం. మొత్తం రెండు కిలోలు. అందులో ఉప్పు 11 శాతం. ముక్కతో కలిపి ఒక పెద్ద చెంచాడు ఆవకాయ 20 గ్రాములు తూగింది. అందులో 2 గ్రాముల పైగా ఉప్పు. మధ్యాహ్నం ఒక చెంచాడు, రాత్రి పెరుగన్నంలోకి ఒక చెంచాడు వేసుకుంటే, కూరలో పులుసులో ఉప్పు అసలు వేయకపోయినా రోజు వాటా దాదాపు అయిపోయింది. ఉలవపాడు మామిడి బుట్టలు ఇంటికి రావడం మొదలైన నెలలో కొత్త ఆవకాయకు ఎంత డిమాండ్ ఉంటుందో వేరే చెప్పాలా?

దీనికి పరిష్కారం ఆవకాయలో ఉప్పు తగ్గించడం అనుకొని ఒక ఏడాది నేను ఒక చిన్న జాడీలో ఉప్పు సగానికి సగం కోశాను. శ్రావణమాసం వచ్చే సరికి మూత తీస్తే పైన తెల్లటి బూజు, ముక్క పట్టుకుంటే మెత్తగా జారిపోయింది. జాడీ మొత్తం పెంట మీద పోయవలసి వచ్చింది. పచ్చడి నిలవ ఉండేది ఉప్పు, పులుపు, నూనె మూడూ కలిసి సూక్ష్మజీవులను కట్టడి చేయడం వల్ల. కాబట్టి జాడీలో కొలతను అలాగే ఉంచి, కంచంలో కొలతను మార్చాలి. పెద్ద చెంచా తీసేసి జాడీ పక్కన చిన్న చెంచా పెట్టండి. ముక్కను తీసుకొని పిండిని జాడీలోనే వదలండి. అన్నిటికంటే పని చేసిన ఉపాయం మరొకటి ఉంది. ఆవకాయతో తినబోయే ముద్దపప్పును ఉప్పు లేకుండా వండండి. వేడి అన్నం, ఉప్పు లేని పప్పు, నెయ్యి, చిన్న ముక్క ఆవకాయ కలిపితే చప్పదనం ఎవరికీ తెలియదు; మా ఇంట్లో రెండు వారాల పాటు ఎవరూ కనిపెట్టలేదు. ఉప్పు వేసిన పప్పులోకి ఉప్పుతో నిండిన పచ్చడి కలుపుకోవడం ఎందుకో ఇప్పుడు ఆలోచిస్తే వింతగా ఉంటుంది.

నిలవ పచ్చళ్లలో సగం స్థానాన్ని రోటి పచ్చళ్లకు ఇవ్వండి. దోసకాయ, బీరకాయ తొక్కు, పచ్చి టమాటా పచ్చళ్లు ఆ పూటకు చేసుకొనేవి కనుక వాటిలో ఉప్పు మన చేతిలో ఉంటుంది. చల్ల మిరపకాయలు, వడియాలు వేయించుకున్న రోజున వాటినే పచ్చడిగా లెక్కించి, పచ్చడి మానేయాలి.

ఎండు చేపల్లో రెండు రకాలు. నెత్తళ్ల వంటి చిన్న చేపలను చాలావరకు ఉప్పు లేకుండానే తీరాన ఇసుక మీద, గట్ల మీద ఎండబెడతారు; కడిగి ఇసుక వదిలించుకుంటే చాలు. పెద్ద చేపలను చీల్చి, ఉప్పు దట్టించి ఎండబెట్టినవి వేరు. చర్మం మీద తెల్లగా పొట్టు కట్టినట్లు ఉప్పు కనిపిస్తుంది, వేలితో రుద్దితే రాలుతుంది. ఇలాంటి ఉప్పు చేపల్లో 100 గ్రాములకు 5 గ్రాములకు పైగా సోడియం ఉండే రకాలు ఉన్నాయి. పాతిక గ్రాముల ముక్క తింటే మూడు గ్రాముల ఉప్పు తిన్నట్లే. వాటిని ముక్కలు చేసి గోరువెచ్చని నీళ్లలో అరగంట నానబెట్టి, నీళ్లు పారబోసి, మళ్లీ కొత్త నీళ్లు పోసి ఇంకో అరగంట ఉంచండి. మొదటి నీళ్లను నాలుకకు తాకించి చూస్తే ఎంత ఉప్పు దిగిందో తెలుస్తుంది. తరువాత వంకాయలోనో గోంగూరలోనో వేసి వండేటప్పుడు, కూర పూర్తిగా ఉడికాక రుచి చూసే దాకా ఉప్పు డబ్బా ముట్టవద్దు. చాలాసార్లు ముట్టనవసరమే ఉండదు. ఉప్పు ఎక్కువగా ఉండే నిలవ ఆహారానికీ పొట్టలో కేన్సర్‌కీ సంబంధం ఉందని పరిశోధనలు చెబుతున్నాయి కాబట్టి, నానబెట్టినా రోజూ తినే వస్తువు కాదిది.

ఐదో అడుగు: పొయ్యి దగ్గర

చేత్తో ఉప్పు వేయడం మానేయాలి. ఇది వినడానికి చిన్నదే గాని వంట చేసేవారికి అవమానంలా తోస్తుంది. నలభై ఏళ్లుగా చేతి కొలతతో వండిన మా అమ్మ చెంచా చేతిలో పెడితే వారం రోజులు మాట్లాడలేదు. కొలత చెంచా ఉప్పు డబ్బాలోనే ఉండాలి, తలగొట్టడానికి డబ్బా అంచు ఉండాలి.

కిలో చేపల పులుసును ఉదాహరణగా తీసుకుందాం. మా ఇంట్లో మూడు చిన్న చెంచాల ఉప్పు పడేది, అంటే 18 గ్రాములు. ఆరుగురు తింటే మనిషికి మూడు గ్రాములు, ఒక్క పూటకే. అంతకు ముందు చేప ముక్కలకు ఉప్పు, పసుపు పట్టించి పక్కన పెట్టడం ఇంకొక వాటా. ఇప్పుడు చేసే విధం ఇది. కడగడానికి రాళ్ల ఉప్పు రుద్దినా తరువాత మూడు నీళ్లు పోసి కడుగుతాం. ముక్కలకు పసుపు, కారం మాత్రమే పట్టిస్తాం. ఎర్రగడ్డలు వేగేటప్పుడు ఉప్పు వేయం. చింతపండు పులుసు కాస్త చిక్కగా పోసి, పుల్లమామిడి ముక్కలు వేసి, మెంతులు, ధనియాల పొడి వేసి, చేప ఉడికి దించబోయే ముందు రెండు చెంచాల ఉప్పు మాత్రం వేస్తాం. పులుపూ కారమూ నిలబడిన వంటలో ఉప్పు తగ్గినట్లు నాలుకకు అంతగా తెలియదు. మరునాటికి ముక్కకు పులుసు పట్టాక అసలే తెలియదు. రుచి కోసమైనా నెల్లూరు పులుసును మరునాడే తినాలని వాదించేవారి పక్షాన నేనూ ఉన్నాను.

ఒకేసారి సగం కోయకూడదు. వారానికి పదో వంతు చొప్పున తగ్గిస్తూ పోతే నాలుక కొన్ని వారాల్లో సర్దుకుంటుంది. ఆ తరువాత పెళ్లి భోజనంలోని కూర నోట్లో పెట్టగానే ఉప్పగా తగులుతుంది. అన్నం, చపాతీ పిండి, మజ్జిగ ఈ మూడింటిలో మాత్రం మొదటి రోజు నుంచే ఉప్పు మానేయవచ్చు. కంచం పక్కన ఉప్పు పెట్టే ఆచారం కూడా అంతే.

ఆరో అడుగు: ప్యాకెట్ వెనకవైపు, హోటల్ బల్ల

ప్యాకెట్ ఆహారం వెనక 100 గ్రాములకు ఎంత సోడియమో మిల్లీగ్రాముల్లో రాసి ఉంటుంది. 120 లోపు ఉంటే తక్కువ, 600 దాటితే ఎక్కువ అని గుర్తుంచుకుంటే నిలబడ్డ చోటే తేల్చుకోవచ్చు. ప్యాకెట్ బరువుతో సరిచూసుకోవడం మరచిపోకూడదు. బ్రెడ్డు, తియ్య బిస్కెట్లు నాలుకకు ఉప్పగా ఉండవు గాని వాటిలోనూ ఉప్పు, సోడా ఉంటాయి. పదార్థాల జాబితాలో 500 అంటే సోడాలు, 621 అంటే గ్లుటమేట్, 211 అంటే బెంజోయేట్, 451 అంటే ఫాస్ఫేట్.

హోటల్లో కారం దోసె తినవద్దని ఎవరికీ చెప్పను. సాంబారు గిన్నె రెండోసారి నింపించుకోకుండా, చట్నీ మిగిల్చి లేస్తే చాలావరకు సరిపోతుంది.

ఏడో అడుగు: తక్కువ సోడియం ఉప్పు ఎవరికి, ఎవరికి కాదు

దుకాణాల్లో తక్కువ సోడియం ఉప్పు అని అమ్మేవాటిలో సోడియం క్లోరైడ్‌లో కొంత భాగం తీసి పొటాషియం క్లోరైడ్ కలుపుతారు. ఇది ఒట్టి వ్యాపార ప్రచారం కాదు. చైనాలో 600 గ్రామాల్లో దాదాపు 21 వేల మందిపై సుమారు ఐదేళ్లు జరిగిన పరిశోధనలో, నాలుగో వంతు పొటాషియం క్లోరైడ్ కలిసిన ఉప్పు వాడినవారిలో పక్షవాతం 14 శాతం తక్కువగా వచ్చింది. 2021లో ఆ ఫలితాలు వెలువడ్డాయి. పాల్గొన్నవారు అప్పటికే పక్షవాతం వచ్చినవారు, లేదా రక్తపోటు ఉన్న అరవై ఏళ్లు పైబడినవారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2025 జనవరిలో పెద్దవారికి ఇలాంటి ఉప్పును సూచిస్తూనే, గర్భిణులను, పిల్లలను, మూత్రపిండాల సమస్య ఉన్నవారిని ఆ సూచన నుంచి మినహాయించింది.

ఆ మినహాయింపును మన ప్రాంతంలో పెద్ద అక్షరాలతో చదువుకోవాలి. కనిగిరి వైపు నీళ్లలో ఫ్లోరైడ్ సమస్య అందరికీ తెలిసినదే, అక్కడ కిడ్నీ జబ్బుతో బాధపడే కుటుంబాలూ తక్కువ కాదు. మూత్రపిండాలు సరిగా పనిచేయనప్పుడు పొటాషియం బయటికి పోక రక్తంలో పేరుకుంటుంది, అది గుండె లయను తప్పించి ప్రాణం తీయగలదు. రామిప్రిల్, ఎనలాప్రిల్, టెల్మీసార్టాన్, లోసార్టాన్, స్పైరనోలాక్టోన్ వంటి బీపీ మందులు వాడేవారిలోనూ పొటాషియం పెరిగే అవకాశం ఉంటుంది. చిక్కేమిటంటే, ఈ ఉప్పు కొనాలని ముందుగా తోచేది బీపీ మాత్రలు వేసుకొనేవారికే. కాబట్టి కొనేముందు మూత్రపిండాల పనితీరు తెలిపే క్రియాటినిన్ పరీక్ష, పొటాషియం పరీక్ష చేయించుకొని, కాగితంతో సహా డాక్టరును అడగండి. ఇంట్లో ఒక్కరికి కిడ్నీ జబ్బు ఉన్నా ఇంటి మొత్తానికి ఈ ఉప్పు వద్దు, ఎందుకంటే పులుసు గిన్నె ఒక్కటే. వారికి మామూలు ఉప్పునే తక్కువగా వాడటం క్షేమం.

ఎప్పుడు తగ్గించకూడదు

వాంతులు, విరేచనాలు పట్టుకున్నప్పుడు ఉప్పు తగ్గించడం ప్రమాదం. అప్పుడు ఓఆర్‌ఎస్ పొట్లం కావాలి. అది దొరకని చోట లీటరు శుభ్రమైన నీటిలో ఆరు తలగొట్టిన చిన్న చెంచాల చక్కెర, అదే చిన్న చెంచాతో అర చెంచా ఉప్పు కలపాలి. ఉప్పు మడుల్లో, రొయ్యల చెరువుల మీద, ఉపాధి పనుల్లో ఎండ దెబ్బకు చెమట ధారగా కారే మనిషికి ఆ రోజుల్లో మజ్జిగలో చిటికెడు ఉప్పు న్యాయమే. ఫ్యాను కింద కూర్చున్నవారికి ఆ చిటికెడు అక్కరలేదు. మూత్రం ఎక్కువగా పోయే బీపీ మాత్రలు వాడే వృద్ధులు ఉన్నట్టుండి తికమకగా మాట్లాడినా, తూలి పడినా రక్తంలో సోడియం బాగా పడిపోయి ఉండవచ్చు. అప్పుడు ఇంటి వైద్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి. బీపీ మాత్రలను సొంతంగా మానేయడం కూడా, ఉప్పు ఎంత తగ్గించినా, చేయవలసిన పని కాదు.

చివరి అడుగు: రెండో ప్యాకెట్

మొదటి ప్యాకెట్ తేదీలు ఉన్న కవరును పారేయకుండా ఉంచి, రెండో దాని మీద కూడా అలాగే రాయండి. బీపీ ఉన్నవారు ఈ మార్పుకు ముందు ఒక వారం, ఆరు వారాల తరువాత ఒక వారం, పొద్దున్నే మాత్ర వేసుకోకముందు, ఐదు నిమిషాలు వీపు ఆనించి కూర్చొని, చేయి గుండె ఎత్తులో బల్ల మీద పెట్టి, రెండేసి సార్లు కొలిచి కాగితం మీద రాసుకోవాలి. ఒక్క రోజు అంకెను నమ్మవద్దు.

మా రెండో ప్యాకెట్ 41 రోజులు వచ్చింది. తలకు 6 గ్రాములు. హద్దు కంటే ఇంకా ఒక గ్రాము పైనే, పచ్చడి కలపకుండా. మొన్న వేసవిలో ఊరగాయల కోసం కొన్న రాళ్ల ఉప్పు సంచి మీద కూడా మా అమ్మే బొగ్గుతో తేదీ రాసి అటక ఎక్కించింది.